విప్ గారి కుడి చెవి

రాజ్యాంగాన్ని పార్టీలూ డబ్బూ కలిసి పాడుచేస్తున్నాయని గోల పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది! అవే లేకపోతే మన శాసనసభ్యులు ఆలోచించాల్సి వచ్చేది. అలవాటు లేనివాళ్లని ఉన్నట్టుండి ఆలోచించమంటే ఎంత ప్రమాదమో ఎప్పుడైనా ఊహించారా?

ఇప్పుడెంత హాయో చూడండి. ఏ కంపెనీకి బిల్లు కావాలో ఆ కంపెనీవాళ్లే రాసి, టైపు చేయించి, తప్పులు కూడా దిద్ది పంపిస్తారు. పూర్వం ప్రభుత్వం లాయర్లకి జీతాలిచ్చి మరీ రాయించేది. ఎంత దుబారా! పైగా ఆ కంపెనీయే పార్టీకి విరాళమిస్తుంది. పని చేసిపెట్టి, చెయ్యనిచ్చినందుకు ఎదురు డబ్బిచ్చేవాళ్లు మీకెక్కడైనా దొరికారా? మా ప్లంబర్‌ని అడిగి చూశాను. ఎగాదిగా చూసి వెళ్లిపోయాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

ఈ సూక్ష్మం మా అక్కకి బోధపడదు. మా వీధి చివర పన్నెండు మంచాల ప్రభుత్వాసుపత్రి ఉంది. అక్క అందులో హెడ్‌నర్సు. ఆ ఆసుపత్రిని ఓ పెద్ద కంపెనీకి అప్పగించే బిల్లు సభకి వస్తోందని తెలిసి, నన్ను వెంటబెట్టుకుని మా సభ్యుడి ఆఫీసుకి వెళ్లింది.

"మీరు చెప్పింది అక్షరాలా నిజమమ్మా. నేను పుట్టిందీ ఆ ఆసుపత్రిలోనే," అన్నాడాయన. "కానీ నా చేతిలో ఏముంది? విప్ గారు ఎలా అంటే అలా."

"చెయ్యెత్తేది నువ్వే కదయ్యా!" అంది అక్క.

చూశారా అమాయకత్వం! పార్టీ విరాళం పుచ్చుకున్నాక ఎదురు చెప్పడమంటే తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం కాదూ?

విప్ అంటే ఎవరెటు ఓటెయ్యాలో పార్టీ తరఫున చెప్పే పెద్దమనిషి. చెప్పడమంటే నోటితో కాదు. ఆయన ఎడమ చెవి ముట్టుకుంటే అవునని, కుడి చెవి ముట్టుకుంటే కాదని. సభ్యులు బిల్లులు చదవరు, చెవులు చదువుతారు. అరవైమంది కళ్లూ ఒకే చెవిమీద నిలిచే క్రమశిక్షణ ఏ బళ్లో ఉందో చెప్పండి!

ఓటింగ్ రోజున అక్కా నేనూ సందర్శకుల గ్యాలరీలో కూర్చున్నాం. స్పీకర్ గారు ఓటింగ్ మొదలుపెట్టబోతుండగా ఓ దోమ వచ్చి విప్ గారి కుడి చెవిమీద వాలింది. ఆయన ఠపీమని కొట్టుకున్నారు. అంతే! అనుకూలంగా ఉన్నవాళ్లు చెయ్యెత్తండి అంటే ఒక్క చెయ్యి లేవలేదు. వ్యతిరేకులు అనగానే అధికార పక్షమంతా లేచింది. బిల్లు తెచ్చిన మంత్రిగారైతే రెండు చేతులూ ఎత్తారు.

"ఒరేయ్, మన ఆసుపత్రి మిగిలిందిరా!" అని అక్క నా భుజం పట్టుకుని ఊపేసింది. ముప్ఫయ్యేళ్లుగా అందులో పనిచేస్తున్న మనిషి, ఆ వేళ గ్యాలరీలో చిన్నపిల్లలా ఏడ్చేసింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచడమెందుకు?

మర్నాడు, ఏదో సాంకేతిక లోపం జరిగిందని చెప్పి మళ్లీ ఓటింగ్ పెట్టారు. ముందుగా సభలో మూలమూలా దోమల మందు కొట్టించారు. పిల్లల వార్డుకి ఆ మందు కావాలని అక్క మూడేళ్లుగా అర్జీలు పెడుతోంది. బడ్జెట్ లేదన్నారు. సభకి మాత్రం గంటలో వచ్చింది. విప్ గారు నింపాదిగా ఎడమ చెవి ముట్టుకున్నారు. బిల్లు నెగ్గింది. అక్కడ పుట్టిన మా సభ్యుడు అందరికంటే ముందు చెయ్యెత్తాడు.

నిన్న అక్క వార్డు తాళాలు కంపెనీవాళ్లకి అప్పగించి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కూర్చుండిపోయింది. "ఈసారి ఓటెవరికేస్తావురా?" అని అడిగింది.

మేం గెలిపించి పంపిన అరవైమందీ చెయ్యలేని మేలు, ఎవరి విరాళమూ పుచ్చుకోని ఓ దోమ చేసింది. ఒక్క రోజుకే అయినా చేసింది. దానికే వేద్దామంటే, పాపం, విప్ గారు సభలోనే చంపేశారు.