అలసట మీది కాదు, మీ అమ్మగారి జీన్‌ది!

ఆఫీసులో కునుకు వస్తోందా? లిఫ్టు ఎక్కినా ఆయాసమేనా? శని, ఆదివారాలు పడుకున్నా సోమవారం ఒళ్లు లేవనంటోందా? అయితే దయచేసి మీ మేనేజర్‌ను తిట్టకండి. నేను మేనేజర్‌ని కాబట్టి ఈ మాట అనడం లేదు. సైన్స్ అంటోంది!

మన ఒంట్లో మైటోకాండ్రియా అనే పవర్‌హౌస్ ఉంటుందని చిన్నప్పుడు బట్టీ పట్టాం కదా. తిన్న తిండిని శక్తిగా మార్చే ఎంజైమ్ ఒకటి అక్కడ పనిచేస్తుంది. దాని తయారీకి నక్షా గీసి ఇచ్చే జీన్ పేరు ఎం.టి. సి.ఓ. వన్. పేరు వింటే మా కంపెనీలో కొత్త ప్రమోషన్ అనుకుంటారు. కానీ ఇది మనిషి పుట్టుకతోనే ఉద్యోగంలో చేరిపోతుంది. ఇంక్రిమెంట్ అడగదు, సెలవు పెట్టదు. ఇలాంటివాడు నా టీమ్‌లో ఒక్కడుంటే చాలు!

నాకు ఈ జ్ఞానోదయం కలగడం మా టీమ్‌లోని భానుశ్రీ పుణ్యమే. వరంగల్ వైపు అమ్మాయి, నార్సింగిలో కిరాయికి ఉంటుంది. పగలంతా మాతో పని, రాత్రి అమెరికా క్లయింట్‌తో కాల్. నిన్న ఏం చేశామో అందరం నిలబడి చెప్పుకునే మీటింగు ఒకటి మాకు రోజూ పొద్దున ఉంటుంది. దాన్ని స్టాండప్ అంటారు. ఒకరోజు అందులో తన వంతు రాగానే భానుశ్రీ నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. ఆ మీటింగుకు ఎంత అవమానం!

నీళ్లు చల్లితే కళ్లు తెరిచింది.

"సార్, గా రాత్రి కాల్ ఒక్కటి జర నాకు తీసేయుండ్రి. ఇంకేం వద్దు" అంది.

అంత తేలిగ్గా తీసేస్తామా? మా దగ్గర ఒక ఆచారం ఉంది. సర్వర్ పడిపోతే ఊరికే లేపి వదిలెయ్యం. రూట్ కాజ్ అనాలిసిస్ చేస్తాం. ఎందుకు పడింది, ఎవరి వల్ల పడింది అని మూలం దాకా తవ్వుతాం. తప్పు మనది కాదని తేలేదాకా తవ్వుతూనే ఉంటాం. సర్వర్‌కు దక్కే మర్యాద మనిషికి దక్కొద్దా? హెచ్.ఆర్. జయంతి గారు కంపెనీ ఖర్చుతోనే భానుశ్రీకి జీన్ పరీక్ష చేయించారు.

ఫలితం వచ్చింది. ఆ జీన్‌లో ఒక్క అక్షరం తేడా! దానివల్ల ఎంజైమ్ కాస్త నిదానం కావచ్చునట. 'కావచ్చు' అన్న మాటను మేం పట్టించుకోలేదు.

"శుభవార్తండీ! ఈ జీన్ తల్లి నుంచి మాత్రమే వస్తుందట. అంటే మనం ఉద్యోగంలోకి తీసుకోకముందే ఈ ఇష్యూ ఉందండీ!" అన్నారు జయంతి గారు.

మీటింగ్ రూమ్‌లో పండగే పండగ! మూలకారణం, జీన్. బాధ్యురాలు, ఉద్యోగి తల్లి. రాత్రి కాల్ యథాతథం. జీన్ ఎలాగూ మారనప్పుడు కాల్ మార్చి ఏం లాభం చెప్పండి?

"జీన్ గీన్ ఏం లేదు సార్. నిద్ర లేదు, గంతే" అంది భానుశ్రీ. సైన్స్ మీద నమ్మకం లేనివాళ్లతో ఇదే చిక్కు.

ఒక్కసారి ఆలోచించండి, ఈ జీన్ ఎంత ఉపకారి! గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఇల్లు చేరేసరికి ప్రాణం తోకకొచ్చిందా? జీన్! పుప్పాలగూడ ఫ్లాటుకు ట్యాంకర్ రాక, నాలుగో అంతస్తుకు బకెట్లు మోసి నడుం పట్టేసిందా? జీనే! ఆదివారం మధ్యాహ్నం 'చిన్న ఇష్యూ' అని నేను మెసేజ్ పెడితే టీమంతా నీరసంగా లాగిన్ అయ్యారా? ఆ తల్లులందరూ కలిసి పన్నిన కుట్ర! రోడ్డు వేసినవాడికి హాయి, బిల్డరుకు హాయి, నాకు మరీ హాయి.

ఈ సంబరంలో జయంతి గారు చిన్న పొరపాటు చేశారు. రుజువు గట్టిగా ఉంటుందని భానుశ్రీ అక్క స్రవంతికి కూడా పరీక్ష చేయించారు. ఆవిడ బాచుపల్లిలో స్కూల్ టీచర్. ఒక తల్లి పిల్లలే కాబట్టి ఫలితం అచ్చు గుద్దినట్టు అదే!

"మీకూ ఉందండీ! మరి మీరెన్నిసార్లు పడిపోయారు?" అని జయంతి గారు ఆశగా అడిగారు.

"నేనెందుకు పడుత మేడమ్? బడి అయినంక ఇంటికి పోత, ఇంత తింట, పండుకుంట. మా చెల్లెను గూడ రాత్రిపూట పండుకోనియ్యుండ్రి."

ఈ జీన్ బాచుపల్లిలో ఒకలాగా, మా ఆఫీసున్న ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఇంకోలాగా పనిచేస్తుందని తేల్చి మీటింగు ముగించాం. మధ్యలో అవుటర్ రింగ్ రోడ్డు ఉంది కదా, దాని ప్రభావం కావచ్చు!

భానుశ్రీ ఉద్యోగం మానేసింది. ఇప్పుడు అక్క స్కూల్లోనే కంప్యూటర్ పాఠాలు చెబుతోందట. ఫోన్ చేస్తే గొంతు ఖంగుమంటోంది. జీతం తక్కువే అంది, నవ్వుతూ అంది. ఏం మందు వాడుతున్నావో మా వాళ్లకూ చెప్పమంటే ఇంకా నవ్వింది. నాకు మాత్రం దిగులుగానే ఉంది. అంత పనిమంతురాలు మళ్లీ దొరకదు.

అందుకే ఈసారి జాగ్రత్తపడి, ముందే జీన్ పరీక్ష చేయించి మరీ శ్యామ్‌ను ఆమె సీట్లోకి తీసుకున్నాం. జీన్ మేలిమి బంగారం! అక్షరం తేడా లేదు. పగలు పని, రాత్రి కాల్, కుర్రాడు రెండు నెలలు దున్నేశాడు. నిన్న పొద్దున స్టాండప్‌లో వాడూ కూలిపోయాడు.

మళ్లీ రూట్ కాజ్ మీటింగు. మనుషులు మారినా జబ్బు అక్కడే ఉందంటే, ఆ జీన్ సీటుకే ఉండాలన్నాను నేను.

"అలాగైతే ఆ సీటును కన్నతల్లి ఎవరండీ?" అన్నారు జయంతి గారు.

అందరం గోడ మీదున్న కంపెనీ పేరు కేసి చూశాం. చూసి, చప్పున తలలు దించుకున్నాం. శ్యామ్ వాళ్లమ్మకు పరీక్ష చేయించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

వాడు దవాఖాన నుంచి వచ్చేదాకా రాత్రి కాల్ నన్నే చూసుకోమన్నారు పైవాళ్లు. పాపం, మా అమ్మ! తన మీద ఎంత పెద్ద నింద పడబోతోందో ఆవిడకింకా తెలియదు.