టేబుల్ దగ్గర ఒకరు ఉండాలి

శని, ఆదివారాలు ఇంట్లో గడిపే కుటుంబాల మీద ఎవరైనా ఒక కన్నేసి ఉంచాలని నా అభిప్రాయం. ఒంట్లో ఓపిక ఉండగా, కారులో పెట్రోలు ఉండగా, బయట చక్కగా ఎండ కాస్తుండగా సోఫాలో కాళ్లు చాపుకుని పడుకున్నారంటే వాళ్ల గురించి ఏమనుకోవాలి?

ఒకప్పుడు మేమూ అలాంటివాళ్లమే. ఆదివారం భోజనాలయ్యాక కిటికీ తెరలు లాగేసి, తలో గదిలో, ఫ్యాను కింద సాయంత్రం దాకా నిద్రపోయేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు చెమరుస్తాయి.

సిగ్గుతోనే అనుకోండి.

ఇప్పుడు బాగుపడ్డాం. ప్రతి శనివారం ఏదో ఒక ఫెస్టివల్‌కి వెళ్తున్నాం. తేనె ఫెస్టివల్, పాత సైకిళ్ల ఫెస్టివల్, గొడుగుల ఫెస్టివల్, ఉల్లిపాయల ఫెస్టివల్. ఒక శనివారం వేసవికి వీడ్కోలు చెప్పాం. అది వెళ్లలేదు. మరుసటి శనివారం వెళ్లి మళ్లీ చెప్పాం.

గిట్టనివాళ్లు ఇవన్నీ ఒకటేనంటారు. అదే మైదానంలో, అవే గుడారాలకి బ్యానరు మార్చి కడతారట. అదే కొవ్వొత్తుల అమ్మాయి, రాళ్లలాంటి సబ్బులమ్మే అదే దంపతులు, ఒకే పాటకి గంటసేపు శ్రుతి చేసుకునే అదే గిటారు బృందం. ఉల్లిపాయల ఫెస్టివల్‌లో ఒక్క ఉల్లిపాయా కనిపించలేదేమిటని మా అమ్మాయి కూడా అడిగింది.

"బ్యానర్ మీద ఉందిగా. చూడలేదా?" అన్నాడు మా మరిది.

చూశాం. ఉంది. బొమ్మ బాగానే వేశారు.

ఏ ఫెస్టివల్‌కి వెళ్లినా నడిమధ్యలో అన్నిటికంటే పెద్ద గుడారం ఒకటుంటుంది. అది క్రాఫ్ట్ బీరుది, అంటే రకరకాల రుచుల్లో కొద్దికొద్దిగా కాచి అమ్మే బీరుది. గొడుగులకీ బీరుకీ ఏమిటి సంబంధం అని అడగకండి. అడిగినవాళ్లని మా ఇంట్లో పాతకాలపు మనిషి అంటారు. నన్ను అన్నారు.

క్రాఫ్ట్ బీరు అంటే మామూలు బీరు కాదు. మామూలు బీరు తాగుతారు. దీని గురించి మాట్లాడతారు. మధ్యమధ్యలో గొంతు ఆరిపోకుండా కాస్త తాగుతారు. మా మరిది పళ్ల డాక్టరు. వారమంతా జనం నోళ్లలోకి తొంగిచూసి తీపి మానెయ్యమని కోప్పడే మనిషి, శనివారం గ్లాసులోకి తొంగిచూసి, "కాల్చిన చక్కెర వాసన వస్తోంది వదినా, అడుగున తోలు సంచీ ఛాయ కూడా ఉంది" అని పరవశిస్తాడు. తోలు సంచీని ఎప్పుడు నమిలి చూశాడని నేను అడగలేదు. పెద్ద చదువులు చదివినవాడు, ఎక్కడో నమిలే ఉంటాడు.

మా ఆయన సంగతి చెబితే మీరు నమ్మరు. బీమా ఆఫీసులో పనిచేస్తారు. ఇతరుల ఇళ్లు కాలిపోయాయా, వాళ్లే కాల్చుకున్నారా అని తేల్చే ఉద్యోగం. పెళ్లయిన దగ్గర్నుంచీ నా వంట గురించి ఆయన రెండే అభిప్రాయాలు వెలిబుచ్చారు. ఒకటి, "ఊఁ". రెండోది, "ఉప్పు". అలాంటి మనిషి ఈమధ్య గ్లాసు ఎండకి ఎత్తిపట్టుకుని, కళ్లు మూసుకుని, "ముందు నారింజ తొక్క, తర్వాత తడిసిన గడ్డి, చివర్లో చిన్న విచారం" అన్నారు.

ఆయన నాలుక అంత పనిచేస్తుందని నాకు ఇన్నేళ్లూ తెలియదు. క్రాఫ్ట్ బీరు లేకపోతే తెలియకుండానే పోయేదాన్ని. ఇది మేలు కాదా? మీరే చెప్పండి.

క్యూలు మరో వరం. మా అమ్మాయి ఒక కంపెనీలో మనుషుల్ని ఉద్యోగాల్లోకి తీసుకునే పనిలో ఉంది. ఇంట్లో ఉంటే తన గదిలోంచి బయటికే రాదు. ఫెస్టివల్‌లో తండ్రి పక్కన క్యూలో ముప్పావుగంట నిలబడుతుంది. నిలబడి ఫోను చూసుకుంటుంది, నిజమే. కానీ పక్కనే నిలబడి చూసుకుంటుంది.

ఇక నేను. నేను తాగను, అందుచేత కారు నేనే నడపాలి. నేను తాగను, అందుచేత క్యూలో నాకు పనిలేదు. పనిలేదు కాబట్టి నాకొక పని ఉంది. టేబుల్ కాయడం.

గుడారం ముందు పొడవాటి చెక్క టేబుళ్లు, వాటికి అటూ ఇటూ బెంచీలు ఉంటాయి. జనం ఎక్కువ, బెంచీలు తక్కువ. చేరగానే మా ఆయన మైదానమంతా ఒక్క చూపు చూసి నీడలో ఉన్న టేబుల్ పట్టేస్తారు. "నువ్విక్కడ కూర్చో, ఇప్పుడే వచ్చేస్తాం" అంటారు. ఒక బెంచీ మీద ఆయన కోటు, ఇంకో చోట మా మరిది టోపీ, మరో చోట మా అమ్మాయి బ్యాగు, వాటి మధ్యలో నేను. ముగ్గురూ క్యూల్లోకి మాయమవుతారు.

కాసేపటికి ఎవరో వచ్చి వంగి అడుగుతారు. "ఇక్కడ ఎవరైనా ఉన్నారాండీ?"

"ఉన్నారండీ. వస్తున్నారు."

ఈ మాట ఒక్కొక్క శనివారం ఎన్నిసార్లు అంటానో లెక్కలేదు. ఎంతో ప్రశాంతత ఇచ్చే మాట. మనసు నిలపడం నేర్పిస్తామని డబ్బులు తీసుకుని కళ్లు మూయించేవాళ్లున్నారు. అక్కర్లేదు. కోటుకీ టోపీకీ మధ్యలో కూర్చుని, రాని మనుషుల తరఫున "వస్తున్నారు" అంటూ ఉండండి. కోరికలన్నీ వాటంతటవే రాలిపోతాయి.

ఒక్కటి మాత్రం నాకు రాలలేదు.

మైదానం చివర, సబ్బుల దంపతుల అవతల, కుండలు చేసే ఆవిడ ఉంటుంది. ఏ ఫెస్టివల్ అయినా ఉంటుంది. రెండు చక్రాలు తెచ్చుకుంటుంది. ఒకటి తనకి, రెండోది ఎవరైనా సరదాపడితే కూర్చుని చేసుకోవడానికి. నా బెంచీ మీంచి ఆ రెండో చక్రం, దాని ముందు ఖాళీ స్టూలు కనిపిస్తూ ఉంటాయి. ఆ తడిమట్టిలో నా చేతులు ఒక్కసారి పెట్టాలని నాకు కోరిక. ఎందుకో అడక్కండి. పిండి కలిపిన చేతులు, అంట్లు తోమిన చేతులు, అవి కూడా ఒక శనివారం ఎక్కడికైనా వెళ్లాలనుకోవడంలో వింత ఏముంది?

తేనె ఫెస్టివల్‌లోనే మా ఆయనకి చెప్పాను.

"వెళ్లు, ఎవరొద్దన్నారు?" అన్నారు. "మేం రాగానే వెళ్లు. టేబుల్ దగ్గర ఒకరు ఉండాలిగా."

వాళ్లు వచ్చేసరికి గ్లాసులు ఖాళీ అవుతాయి. ఖాళీ గ్లాసుల దుఃఖం చూడలేక మళ్లీ క్యూల్లోకి వెళ్తారు. చివరికి అందరూ వచ్చి కుదురుగా కూర్చునే వేళకి కుండల ఆవిడ చక్రం మీద గోనెపట్టా కప్పేస్తూ ఉంటుంది. సైకిళ్లప్పుడూ అంతే. గొడుగులప్పుడూ అంతే.

మా పక్క టేబుల్ దగ్గర ప్రతివారం లెక్కల టీచరుగారు కూర్చుంటారు. ఆవిడ భర్త, ఇద్దరు కొడుకులు క్యూల్లో ఉంటారు. ఆవిడ మూడు స్వెటర్ల మధ్య కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటారు. ఉల్లిపాయల ఫెస్టివల్ నాడు ఎర్ర పెన్ను మూతపెట్టి నావైపు చూశారు.

"ఏమండీ, మీరు అటే చూస్తూ కూర్చుంటే మెడ పట్టేస్తుంది. వెళ్లొచ్చేయండి."

"మరి టేబుల్ సంగతి?"

"నేను చూస్తాగా. రెండు తరగతుల పిల్లల్ని ఒకేసారి కూర్చోబెట్టినదాన్ని. రెండు టేబుళ్లు ఎంత?"

వెళ్లాను. నడుస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. టీచరుగారు దిద్దిన పేపర్లని మా టేబుల్ మీద పరుస్తున్నారు.

కుండల ఆవిడ దగ్గర రెండో చక్రం ఖాళీగానే ఉంది. నేను గబగబా వెళ్లి నా హ్యాండ్‌బ్యాగు ఆ స్టూలు మీద పెట్టి, పక్కన నిలబడ్డాను.

ఆవిడ తన కుండ పూర్తిచేసుకుంటూ కాసేపు చూసింది. "ఎవరైనా వస్తున్నారామ్మా?" అంది.

"ఉన్నారండీ. వస్తున్నారు" అన్నాను.

"ఎవరు?"

అప్పుడు చూసుకున్నాను. స్టూలు మీద బ్యాగు, పక్కన కాపలాగా నేను.

"నేనేనండీ."

"మరి బ్యాగు తీసి కూర్చో తల్లీ. ఎవరికోసం ఆగావు?"

కూర్చున్నాను. ఆవిడ మట్టిముద్ద చక్రం మధ్యలో కొట్టి, నా చేతులు పట్టుకుని దానిమీద పెట్టింది. చల్లగా ఉంది. తిరుగుతోంది. నేను కాస్త నొక్కితే కాస్త లొంగుతోంది. మా ఇంట్లో అంత మాట వినే వస్తువు ఒక్కటీ లేదు.

ఫోను మోగింది. ఆగి, మళ్లీ మోగింది. మోచేతులదాకా మట్టి. ఎలా ఎత్తను?

"మోగుతోందమ్మా నీ బ్యాగు" అంది ఆవిడ.

"మోగనివ్వండి. క్యూలో ఉండి ఉంటారు" అన్నాను.

కుండ లేచింది. లేచి, ఒక పక్కకి వాలింది. ఎవరో చెబుతున్నది శ్రద్ధగా వింటున్నట్టు తల ఒంచింది. ఆవిడ సరిచేస్తానంటే నేను ఒప్పుకోలేదు. "సరే, కాల్చి వచ్చేవారం ఇస్తాలే" అని దాన్ని చెక్కపలక మీద పెట్టింది.

తిరిగి వచ్చేసరికి మైదానం మధ్యలో మా వాళ్లు ముగ్గురూ రెండేసి గ్లాసులతో నిలబడి ఉన్నారు. మా టేబుల్ దగ్గర ఎవరో ఎనిమిదిమంది బలమైన మనుషులు నవ్వుకుంటున్నారు. కోటు, టోపీ, బ్యాగు పొందిగ్గా టీచరుగారి ఒళ్లో ఉన్నాయి.

"టేబుల్ పోయింది" అన్నారు మా ఆయన. ఇళ్లు కాలిపోయినవాళ్లు ఆయన ఆఫీసుకొచ్చి ఇలాంటి గొంతుతోనే చెబుతారు కాబోలు.

"అమ్మా, ఒంట్లో బాగోలేదా?" అంది మా అమ్మాయి.

"వదినా, నురుగు కూర్చోవడానికి ఒక చోటుండాలి కదా" అన్నాడు మా మరిది. అతనికి నిజంగానే బాధేసింది.

టీచరుగారు నా చెవిలో గొణిగారు. "ఏం చెయ్యనండీ, వస్తున్నారన్నాను. ఎప్పుడొస్తారని అడిగారు. నాకు అబద్ధం నోట రాదు. మా వాళ్లే ఎప్పుడొస్తారో నాకు తెలీదు, వీళ్ల వాళ్లు ఎప్పుడొస్తారో నాకేం తెలుసన్నాను."

ఆ రోజు బీరు నిలబడి తాగారు. నారింజ తొక్క తగల్లేదట. విచారం మాత్రం మొదట్నుంచీ తగిలిందట. తిరుగు దారిలో కారుని నేను వేలిగోళ్లలో మట్టి చూసుకుంటూ చక్కగా నడిపాను.

దీంతో నాకొక విషయం అర్థమైంది. టేబుల్ కాయడం చిన్న పనేం కాదు. అది లేకపోతే కుటుంబం నిలువుకాళ్ల మీద ఉంటుంది. అందుకని ఆ పనిని గాలికి వదలకుండా ఒక పద్ధతి ఆలోచించాను.

తర్వాతి శనివారం కొవ్వొత్తుల ఫెస్టివల్. వెళ్లగానే కుండల ఆవిడ నా కుండ చేతికిచ్చింది. ఎర్రగా కాలింది. వంపు అలాగే ఉంది. మా వాళ్లు ముగ్గురూ క్యూల్లోకి వెళ్లాక, దాన్ని నేను కూర్చునే చోటికి సరిగ్గా ఎదురుగా టేబుల్ మీద పెట్టాను. బెంచీ మీద నా స్వెటరు పరిచాను. కుండకి నా స్కార్ఫు చుట్టాను, ఎండ తగలకుండా. ఎవరొచ్చినా కుండని చూసి, ఏదో స్టాలు వాళ్ల సామాననుకుని వెళ్లిపోయారు. టీచరుగారు ఒకసారి కళ్లజోడు సర్దుకుని చూసి, "నాకూ ఒకటి చేసిపెడతారా?" అన్నారు. "మూడు స్వెటర్లకి కాపలా కాసేది."

నేను చక్రం దగ్గరికి వెళ్లిపోయాను.

అక్కడినుంచి మా టేబుల్ బాగానే కనిపిస్తుంది. మా ఆయన గ్లాసులతో వచ్చారు. కూర్చున్నారు. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, నా చోటు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టారు. మా మరిది వచ్చి ఆయన మాట కాదన్నాడు. ఇద్దరూ చెరోవైపు నుంచీ కుండవైపు వేలు చూపిస్తూ వాదించుకున్నారు. అమ్మాయి ఫోను చూసుకుంటూ, కుండ పక్కనే కూర్చుంది. కుండ తల ఒంచి అన్నీ విన్నది.

ఎవరూ దేనికోసమూ వెతుక్కోలేదు. నా ఫోను ఒక్కసారి కూడా మోగలేదు.

వెళ్లేటప్పుడు స్కార్ఫు విప్పి మెడకి చుట్టుకుని, కుండని ఒళ్లో పెట్టుకోమని అమ్మాయికిచ్చి, కారు స్టార్ట్ చేశాను. మా ఆయన ముందు సీట్లో తృప్తిగా వెనక్కి వాలారు.

"ఇవాళ బాగుంది" అన్నారు. "నువ్వు కూడా ఇవాళ ఎంత చక్కగా విన్నావు. మధ్యలో ఒక్క మాట అడ్డం రాలేదు."

చూశారా? ఫెస్టివల్స్ వల్ల ప్రయోజనం లేదనేవాళ్లు ఇప్పుడేమంటారు? ఇన్నేళ్ల కాపురంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

వచ్చే శనివారం గుమ్మడికాయల ఫెస్టివల్ అట. ఇంకో కుండ చెయ్యాలి. ఈసారి ఇంట్లోకి. భోజనాల బల్ల దగ్గర నా కుర్చీకి సరిపోయే ఎత్తులో.