వెనక గోడకు సున్నం వెయ్యొద్దు

పవిత్ర వారం సోమవారం పొద్దున అమిర్సా వేసుకున్న పథకంలో ఎవరికీ హాని లేదు. కాఫీ తాగాలి, సున్నం కలపాలి, ముందు వెనక గది గోడకు, తర్వాత మెట్ల అంచులకు, చివర్న నిమ్మచెట్టు మొదలుకు వెయ్యాలి. ఈస్టర్ నాటికి ఆ గ్రీకు దీవిలో తెల్లబడని గోడ కనిపిస్తే, ఆ ఇంట్లో మనిషి మంచాన పడిందనో పోలీసు స్టేషన్‌లో ఉందనో చెప్పుకుంటారు.

వెనక గది ఆమె అక్క రల్లూది. రల్లూ మొగుడు సరుకు ఓడల మీద తిరిగి తిరిగి ఒక ఏడు తిరిగి రాలేదు. ఆ తర్వాత ఆమె ఓడెక్కి పిరేయస్ పట్నంలో ఆడపడుచు ఇంటికి పోతానంటే, అమిర్సా ఏడ్చి, బతిమాలి, పాత కొట్టం ఉన్నచోట ఈ గది కట్టించింది. అనుమతి తీసుకోలేదు. ఆ దేశంలో అనుమతి లేని గోడలన్నీ ఆఫీసులు మూసి ఉండే సెలవుల్లోనే లేస్తాయి. ఈ గది కూడా మూడు పండగల్లో లేచింది. "గది ఉన్నంతకాలం ఉంటాను. ఒకరి మంచం అంచున పడుకునే వయసు కాదు నాది" అని రల్లూ గడప దాటేముందే చెప్పింది. అప్పట్నుంచి అమిర్సా ఆ గదిని కన్నబిడ్డను చూసినట్టు చూసుకుంటోంది. రేవులో ఓడ కూసిందంటే చాలు, చేస్తున్న పని ఆపి, అక్క పెట్టె అటక మీదే ఉందో లేదో చూసి వస్తుంది.

సున్నం బకెట్టుతో నిచ్చెన ఎక్కేసరికి చూరు కింద ఒక మట్టి ముద్ద కనిపించింది. మూతి ముందుకు పొడుచుకొచ్చి, కూజా మెడలా ఉంది. ఎవడో ఆకతాయి బురద విసిరాడనుకుని ఆమె గీకడానికి తాపీ ఎత్తింది. అంతలో ఎదుటి కొండవాలు మీద, ఆలివ్ చెట్ల మధ్య, ఏదో తళుక్కుమంది. చూస్తే ఆకుపచ్చ గుడారం. దాని ముందు మూడు కాళ్ల స్టాండ్ల మీద ఫిరంగుల్లాంటి కెమెరాలు. వాటి వెనక ఆకుల బొమ్మల చొక్కాలు వేసుకున్న మనుషులు. కెమెరాలన్నీ తన వెనక గది వైపే గురిపెట్టి ఉన్నాయి.

ఆ ముద్ద కాపరిపిట్ట గూడు. కొండరాళ్లకు గూడు కట్టుకునే ఆ పిట్ట ఈ ఏడు ఎందుకో రల్లూ గోడను ఎంచుకుంది. ఆ సంగతి ఊళ్లో ఒక్క ఇగ్నాతిస్‌కే తెలుసు. వసంతంలో వచ్చే విదేశీయులను ఉప్పు మళ్ల దగ్గరికీ కొండల్లోకీ తీసుకెళ్లి పిట్టలను చూపించడం, ఫొటోలు తీయించడం అతని పని. గూడు ఎక్కడుందో బయట చెప్పకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. ఒక చెవిన పడితే మధ్యాహ్నానికి కాఫీ కొట్టుకు చేరుతుంది, సాయంత్రానికి పది వ్యాన్లు వస్తాయి, మర్నాటికి గూడు ఖాళీ అవుతుంది.

ఇగ్నాతిస్ చేతులు ఊపుకుంటూ వాలు దిగి పరిగెత్తుకొచ్చాడు.

"పిన్నీ, ఈ గోడ ముట్టుకోకు. సున్నం వెయ్యొద్దు, గీకొద్దు. ఈ వారం ఎలా ఉందో అలాగే ఉండాలి."

"ఎందుకురా?"

"వాళ్లు చూడాలి."

"ఎవరు వాళ్లు?"

ఇగ్నాతిస్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. అబద్ధం అతనికి చేతకాదు, నిజం అతని నోట్లోంచి రాకూడదు. "పెద్దవాళ్లులే. చాలా దూరం నుంచి వచ్చారు. నువ్వు మామూలుగా ఉండు, అటు చూడకు" అని చెప్పి, వచ్చినంత వేగంగా వెళ్లిపోయాడు.

మామూలుగా ఉండమన్నాక మామూలుగా ఉన్నవాళ్లు లోకంలో లేరు. అమిర్సా నిచ్చెన దిగి, వంటింటి తలుపు గడియ పెట్టి, అక్కతో తనకు అర్థమైంది చెప్పింది. పెద్ద పట్నం మితిలినీ నుంచి కట్టడాల ఆఫీసువాళ్లు వచ్చారు, సాక్ష్యం చెరిగిపోకుండా గోడను అలాగే ఉంచమన్నారు, ఇగ్నాతిస్ గాడు వాళ్లకు దారి చూపించాడు. రల్లూ కాఫీ కప్పు బోర్లించింది.

"మంచివాళ్లయితే పొదలో ఎందుకు కూర్చుంటారు? ఆకుల చొక్కా ఎందుకు వేసుకుంటారు?" అంది.

మధ్యాహ్నం వరకు ఇద్దరూ కిటికీ సందులోంచి చూశారు. అమిర్సా పెరట్లో అడుగు పెట్టినప్పుడల్లా ఎక్కడో పొడవాటి ఈల వినిపించేది. గూటి దగ్గరికి ఎవరొచ్చినా కాపరిపిట్ట అలాగే ఈల వేస్తుంది. అమిర్సా మాత్రం కొండవాలు వాళ్లు ఒకరికొకరు సంకేతాలు ఇచ్చుకుంటున్నారని తేల్చింది. తను మంచినీళ్లకు వెళ్లినా ఈలే, చెత్త పారబోయడానికి వెళ్లినా ఈలే. ఇక ఆగలేక పక్కింటి వెనేతియాను వేగుకు పంపింది. వెనేతియాకు ఊరందరి గుట్టూ తెలుసు, ఆమె గుట్టు మాత్రం ఎవరికీ తెలియదు. నూనెతో చేసిన ఉపవాసం బిస్కెట్లు పళ్లెంలో పెట్టుకుని కొండవాలు ఎక్కింది. అరగంటలో ఖాళీ పళ్లెంతో దిగి వచ్చింది.

వాళ్లు బిస్కెట్లు బాగా తిన్నారట. నోరు మాత్రం విప్పలేదట. ఒక ఎర్ర గడ్డం ఆయన కెమెరా వెనక తెరలో ఫొటోలు చూపించాడట. మొదటిది చూరు మూల, రెండోదీ చూరు మూలే, మూడోది మరీ దగ్గర్నుంచి చూరు మూల. పగులు పగులూ లెక్కపెట్టొచ్చట. "తీగ మీద ఆరేసిన రల్లూ లోపలి బట్టలు కూడా పడ్డాయి. మంచి రంగులు" అని వెనేతియా నివేదిక ముగించింది.

రల్లూ లేచి అటక మీద నుంచి పెట్టె దించి దుమ్ము తుడిచింది.

గది పోతే ఏమవుతుందో ఆ పెట్టె అమిర్సాకు చెప్పకనే చెప్పింది. ఆమె ఆ పూటే గదిని కాపాడే పని మొదలుపెట్టింది. తొలి ఆలోచన తనదే. పశువుల కొట్టాన్ని ఎవరూ పట్టించుకోరు కాబట్టి, గది కొట్టంలా కనిపించాలి. వెనేతియా మేకను అరువు తెచ్చి లోపల కట్టారు, గడ్డి పరిచారు. మేక గడ్డి వైపు చూడను కూడా చూడలేదు. కిటికీ తెర తిని, రల్లూ చెప్పు ఒకటి సగం నమిలి, తాడు తెంచుకుని కిటికీలోంచి దూకి కొండ వైపు పారిపోయింది.

"నువ్వు పక్కకు జరుగు" అంది రల్లూ. "ఈ దేశంలో ఇళ్లు కూలుస్తారు, బళ్లు కూలుస్తారు. చర్చిని కూల్చమంటే బుల్డోజర్ తోలేవాడు దొరకడు."

మంగళవారం పొద్దెక్కేసరికి మంచం పెరట్లో నిమ్మచెట్టు కింద ఉంది. గదిలో ఒక బల్ల, దాని మీద తెల్లటి దుప్పటి, నూనె దీపం, ఇంట్లో ఉన్న పటాలన్నీ. లోపలి గోడలకు సున్నం పడింది. వెనక గోడను మాత్రం అమిర్సా ముట్టుకోలేదు, సాక్ష్యం చెరిపిన నేరం కూడా నెత్తి మీదకు ఎందుకని. రల్లూ రెండు చెక్కల్ని మేకు కొట్టి సిలువ చేసి కప్పు మీద నిలబెట్టింది. మేక వదిలిపోయిన గంట తలుపు పైన వేలాడదీసింది.

సిలువ ఇలా నిలబడిందో లేదో కాపరిపిట్ట వచ్చి దాని మీద వాలింది. కొండవాలు మీద కెమెరాలన్నీ ఒక్కసారి పైకి లేచాయి. అక్కడివాళ్లకు అంత చక్కటి ఫొటో ఆ ప్రయాణం మొత్తంలో దొరకలేదు. కింద అక్కచెల్లెళ్లు మాత్రం తమ సిలువనే అనుమానిస్తున్నారని భయపడ్డారు. వట్టి గది చర్చి అనిపించుకోదని రల్లూకు తోచింది. కెమెరా ఇటు తిరిగినప్పుడల్లా గంట కొట్టడం, మోకరించడం, గట్టిగా ప్రార్థన చదవడం మొదలుపెట్టారు. కెమెరాలు అస్తమానం ఇటే ఉన్నాయి. ఎండ నడినెత్తికి వచ్చేసరికి అమిర్సా మోకాళ్లు వాచాయి.

పవిత్ర వారంలో గంట మోగితే ఊరు ఊరకుండదు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. నూనె తెచ్చారు, పూలు తెచ్చారు, కొత్త చర్చి ఏ సెయింటు పేరు మీద అని అడిగారు. అమిర్సాకు అంతవరకు ఆ ఆలోచనే రాలేదు. బల్ల మీద ముందున్న పటం చూసి సెయింట్ ఫనూరియోస్ అనేసింది. పోయిన వస్తువులు వెతికిపెట్టే సెయింటు ఆయన, దొరికితే ఆయన పేరు మీద కేకు చేసి పంచుతారు. ఊళ్లో వస్తువు పోనివాళ్లు ఎవరుంటారు? ఒకామెకు చెవిపోగు, ఒకామెకు తాళం, ఒకామెకు ఎనిమిదేళ్లుగా కాఫీ కొట్టులో పోయిన మొగుడు. సాయంత్రానికి చిన్న చర్చి ముందు వరస కట్టారు.

వరసలో వెనేతియా కూడా ఉంది. మేక పోయిందని కాస్త నిష్ఠూరంగానే మోకరించింది. ఆమె తల వంచిన క్షణాన వెనక గోడ నుంచి ఈల వినిపించింది. అందరూ అటు తిరిగారు. కొండవాలు మీద ఆకుపచ్చ గుడారం ఊగింది, ఉబ్బింది, పక్కకు ఒరిగింది. దాని అడుగు నుంచి వెనేతియా మేక, నోట్లో ఎర్ర గడ్డం ఆయన టోపీతో, బయటికి నడిచి వచ్చింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆపడం ఎవరి చేతా కాలేదు. బుధవారానికి పక్క ఊళ్ల నుంచి ట్రాక్టర్ల మీద జనం వచ్చారు. పెరటి నిండా కేకులు. అమిర్సా ఒక్కో కేకు అందుకుంటూ కొండవాలు వైపే చూస్తోంది. కట్టడాల ఆఫీసు ముందు ఒక్క గదే తప్పు, ఇప్పుడు దానికి దేవుడి పేరు కూడా తగిలించింది. గురువారం ఫాదర్ థెరాపోన్ స్వయంగా వచ్చాడు. మంచి మనిషే గానీ, తన చేతుల మీదుగా జరగని అద్భుతం ఆయనకు గిట్టదు. తలుపు దగ్గరే నిలబడి, గంట వైపు, సిలువ వైపు, దీపం వైపు చూసి, చివరికి అమిర్సా వైపు చూశాడు.

"బిషప్ గారి అనుమతి ఉందా, అమిర్సా?"

ఒక అనుమతి లేదని భయపడి ఇంత చేస్తే, ఇప్పుడు రెండు లేవు. ఇక కూల్చడానికి ప్రభుత్వం కూడా అక్కర్లేదు, ఫాదరే చాలు. పెరట్లో మంచం మీద రల్లూ పెట్టె ఉంది. అందులో చలికాలం శాలువా కూడా సర్దేసింది.

ఫాదర్ ఇంకేదో అనబోతుండగా వెనక గోడ వైపు కిచకిచమని శబ్దం వచ్చింది, ఆయన అటు నాలుగడుగులు వేశాడు. గూట్లోంచి పిల్లలు బయటికి తొంగి చూస్తున్నాయి. ఇగ్నాతిస్ బృందం ఇక దాక్కోలేకపోయింది. కెమెరాలు భుజాన వేసుకుని వాలు దిగి పెరటి గోడ దాకా వచ్చేసి, అందరూ ఒక్కసారి చూరు వైపు గురి పెట్టారు. చూరు కింద నిలబడింది ఫాదర్ థెరాపోన్. అంత పొడవు లెన్సులు, అంతమంది విదేశీయులు, అంత నిశ్శబ్దం ఆయన జీవితంలో ఎన్నడూ చూడలేదు. వీళ్లను ఎవరు పంపారో, ఈ ఫొటోలు ఏ బల్ల మీదకు వెళ్తాయో ఆయనకూ అనుమానం వచ్చింది. కెమెరాల ముందు భక్తుల్ని తరిమిన ఫాదర్ అనిపించుకోవడం కంటే, ముందు దీవించి తర్వాత బిషప్ గారికి చెప్పుకోవడం మేలని లెక్క వేసుకున్నాడు. గడ్డం సవరించుకుని, నీళ్ల గిన్నె తెప్పించి, తులసి రెమ్మతో నాలుగు గోడల మీదా పవిత్ర జలం చల్లి, చర్చిని సెయింట్ ఫనూరియోస్‌కు అంకితం చేశాడు. జనం సిలువ గుర్తు వేసుకున్నారు. తలదాకా తడిసిన పిట్టపిల్ల ఒకటి గూటి అంచు నుంచి ఎగిరి నిమ్మచెట్టు మీద పడింది, దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. కెమెరాలు టకటకలాడాయి.

జనం పలచబడ్డాక ఇగ్నాతిస్ వచ్చాడు. పిల్లలు ఎగిరిపోయాయి, ఇక దాచాల్సింది లేదు. గూడు చూపించి అసలు సంగతి చెప్పాడు.

"పిట్ట కోసమా? మాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వు వెనేతియాకు చెప్పేదానివి, పిన్నీ."

"చెప్పేదాన్నే."

"అదే మరి."

ఆఫీసువాళ్లు రాలేదు. గదిని ఎవరూ కూల్చరు. అమిర్సా ఆనందంగా పెరట్లోకి పరిగెత్తి మంచం ఒక కొస పట్టుకుంది, లోపల వేద్దామని. ఫాదర్ థెరాపోన్ తలుపుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. దీవించిన చోట మంచం వెయ్యకూడదన్నాడు. ఇది ఇప్పుడు దేవుడి ఇల్లు.

అమిర్సా మంచం కొస వదిలేసింది. ఎవరి నుంచి కాపాడాలనుకుందో వాళ్లెవరూ రాలేదు, గదిని తనే తన చేతులతో పోగొట్టింది. రేవులో సాయంత్రం ఓడ కూసింది. రల్లూ పెట్టె మూసి, పిడి పట్టుకుని లేచింది. అమిర్సా వీడ్కోలు చెప్పే మనిషి కాదు. వంటింట్లోకి వెళ్లి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది.

పెరట్లో ఫాదర్ గొంతు వినిపించింది. "ఎక్కడికి? అఖండ దీపం వెలిగించింది ఎవరు?"

"నేనే."

"అయితే అది ఆరకుండా చూడాల్సిందీ నువ్వే. పొద్దున, సాయంత్రం నూనె పొయ్యాలి. ఒక్క పూట ఆరినా ఊరు నిన్నే అడుగుతుంది. పిరేయస్‌లో ఉండి పోస్తావా?"

తర్వాత నేల మీద పెట్టె ఈడ్చిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు వీధి గుమ్మం వైపు పోలేదు. వంటింటి పక్కన అమిర్సా పడకగది వైపు వచ్చింది.

"గోడ వైపు నేను పడుకుంటా" అంది రల్లూ గుమ్మంలోంచి. "నీ శాలువాలు అలమారలోంచి తీసెయ్. ఆడపడుచు నోట్లో పడేకంటే దేవుడికి నూనె పొయ్యడం నయం."

అమిర్సా వెనక్కి తిరగలేదు. సరే అక్కా అని మాత్రం అంది. కొళాయి కట్టకుండా చాలాసేపు అలాగే నిలబడింది.

శుక్రవారం పొద్దున్నే ఆమె వెనక గోడకు సున్నం వేసింది, గూటి చుట్టూ జానెడు వదిలి. ఇగ్నాతిస్ బృందం ఓడెక్కి వెళ్లిపోయింది. కట్టడాల ఆఫీసు దాటలేని గడప ఒకటుందన్న వార్త మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. పండగ సెలవులు వచ్చాయి, సుత్తుల చప్పుడు మొదలైంది.

ఈస్టర్ నాటికి ఆ ఊళ్లో చర్చి లేని పెరడు వెనేతియాది ఒక్కటే; ఆమె ఇల్లు అనుమతితో కట్టింది.