ట్యాబ్‌కు ఎండదెబ్బ

పశ్చిమ ప్రకాశంలో ఇకమీదట ఏ బ్యాటరీ నీరసపడటానికి వీల్లేదని పరికరాల ఆరోగ్య మిషన్ ప్రత్యేకాధికారి ఉమామహేశ్వర్లు గారు మే నెల మొదటి సోమవారం మార్కాపురంలో ప్రకటించారు. ఊరికే ప్రకటించలేదు. కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, శాలువాలు తెప్పించి, జ్యోతి వెలిగించి మరీ ప్రకటించారు. ఊళ్లల్లో తిరిగే ఆరోగ్య సిబ్బంది చేతుల్లోని పదకొండు వందల ట్యాబుల బ్యాటరీలను కమాండ్ సెంటర్‌లో కూర్చుని కంటికి రెప్పలా కాచుకుంటారట. అందుకని గోడకు ఆరు పెద్ద టీవీలు బిగించారు. బ్యాటరీ బాగుంటే ఆ ఊరు పచ్చగా కనపడుతుంది, లేకుంటే ఎర్రగా. ఇన్నేళ్లూ మనుషుల నాడి పట్టుకుని చూస్తూ ఎంత కాలం వృథా చేశామో ఆ టీవీలు చూస్తే గాని అర్థం కాదు.

"బ్యాటరీ ఆరోగ్యం వందకు డెబ్బై కంటే తగ్గితే రెడ్. మూడు రెడ్లు పడితే జూన్‌లో కాంట్రాక్ట్ రెన్యూవల్ ఉండదు," అని సార్ చిరునవ్వుతో చెప్పారు.

అందరూ చప్పట్లు కొట్టారు. పుల్లలచెరువు అవతల, నల్లమల అంచు గూడెంలో పిల్లలకు సూదులేసే ఏఎన్ఎం హైమావతి కూడా కొట్టింది. కొట్టాక ట్యాబ్ తీసి చూసుకుంటే డెబ్బై ఒకటి.  పదకొండేళ్ల కాంట్రాక్ట్ ఉద్యోగం, ఇద్దరు పిల్లల చదువు, అంతా ఒక్క మార్కు మీదికి వచ్చి నిలబడింది.

భోజనాల దగ్గర డివైస్ కోఆర్డినేటర్ యోగేష్‌ని పట్టుకుంది.

"సార్, నా బ్యాటరీ ఎందుకు తగ్గినట్టు?"

యోగేష్ ల్యాప్‌టాప్ తెరిచి, స్కానింగ్ రిపోర్టు చూసే డాక్టరు ముఖం పెట్టాడు. "మీరు వాడినారు మేడమ్."

"వాడమనే గదా ఇచ్చినారు."

"ఇచ్చినాం. కానీ డివిజన్ మొత్తంలో రోజుకు ఆరు గంటలు వాడింది మీరొక్కరే. పిల్లల బరువులని, గర్భిణులని, ఏందేందో ఎక్కించినారు. ఎవరు చెప్పినారు మీకు?"

"మీరే చెప్పినారు."

"అది పాత మిషన్ మేడమ్."

కొత్త మిషన్‌లో పని తేలిక. బ్యాటరీ మిత్ర అనే యాప్ తెరిచి, రోజుకు మూడుసార్లు బ్యాటరీతో సెల్ఫీ పెడితే చాలు. ఆ యాప్ తెరిచినప్పుడల్లా పది శాతం చార్జింగ్ పోతోందని హైమావతి ఫోన్ చేసి చెప్పింది. యోగేష్ కాదనలేదు. ఎంత పోతోందో చూడటానికి ఇంకో యాప్ తెస్తున్నామని ధైర్యం చెప్పాడు. ఆ వారంలోనే ఆమెకు మొదటి రెడ్ పడింది.

రెండో వారం ఎండలు ముదిరాయి. ట్యాబ్ ముప్పై అయిదు డిగ్రీలు దాటకూడదని, దాటితే అదీ రెడ్డేనని సర్క్యులర్ వచ్చింది. మే నెల మార్కాపురంలో నీడలోనే నలభై రెండు ఉంటుంది. సర్క్యులర్ ఏసీ గదిలో పుట్టింది గనక పాపం దానికి ఆ సంగతి తెలీదు. హైమావతి ట్యాబ్‌కు తడిగుడ్డ చుట్టింది, విసనకర్రతో విసిరింది, చంటిబిడ్డకు కూడా అంత సేవ చేసి ఉండదు. అయినా రెండో రెడ్ పడింది.

మంగళవారం టెలికాన్ఫరెన్స్ పెట్టారు. సార్ గొంతులో ఆనందం పొంగిపోతోంది.

"కొమరోలు మల్లిక, ఇరవై రెండు డిగ్రీలు. డివిజన్‌కే రికార్డు. ఎట్లా సాధించావమ్మా?"

"వ్యాక్సిన్ బాక్స్‌లో పెట్టినాను సార్, ఐస్ ప్యాకుల నడుమ," అంది మల్లిక.

"అద్భుతం. ఇన్నొవేషన్ అంటే ఇదీ."

హైమావతి ఆగలేకపోయింది. "సార్, అది సూదిమందుల బాక్స్. మందు బయటపెడితే చెడిపోతాది. వేసినా పనిచెయ్యదు."



"ఎవరమ్మా అది?"

"హైమావతి సార్, పుల్లలచెరువు."

"వ్యాక్సిన్లకు డ్యాష్‌బోర్డ్ ఉందా?"

"లేదు సార్."

"మరి?"

 సాయంత్రానికల్లా కొమరోలు మోడల్ అన్ని మండలాలకూ తప్పనిసరి అయింది.

మర్నాడు బుధవారం, సూదుల రోజు. హైమావతి బస్సు దిగి, బాక్స్ భుజానికి తగిలించుకుని, నాలుగు కిలోమీటర్లు నడిచి గూడెం చేరింది. పదకొండు మంది పిల్లలు తయారుగా ఉన్నారు. అడవిలో తేనె, కుంకుడుకాయలు ఏరి తెచ్చి అమ్ముకునే కాశమ్మ మనవణ్ణి చంకనేసుకుని అందరికంటే ముందు కూర్చుంది. బాక్స్ చిన్నది. మందు సీసాలుంటే ట్యాబ్ పట్టదు, ట్యాబ్ పెడితే సీసాలు పట్టవు. చేతిలో ట్యాబ్ వేడెక్కి కుయ్ కుయ్ మంటోంది. ఇంకో రెడ్ పడితే ఉద్యోగం ఉండదు.

"ఏంది బిడ్డా, మూత తీసి అట్ల చూస్తా ఉండావు?" అంది కాశమ్మ.

"సూదిమందు బయటబెట్టి, ఇందులో దీన్ని పెట్టాలంటవ్వా."

"ఎండకు మందు ఏంగాదా?"

"చెడిపోతాది."

"మరి దానికి?" కాశమ్మ ట్యాబ్ వైపు గడ్డం ఎత్తి చూపింది.

"దీనికి జొరమొస్తాదంట."

కాశమ్మ కొంచెం ఆలోచించింది. "అయితే దానికీ ఒక సూదెయ్యి. మావోడన్నా ఏడుస్తాడు, అది ఏడ్వను గూడ ఏడ్వదు."

ఆ నెలలో హైమావతి నవ్వింది అదే మొదలు. ట్యాబ్‌ను అరుగు మీద పెట్టి, బాక్స్‌లో మందు బాక్స్‌లోనే ఉంచి, ఒక్కో సీసా తీసుకుంటూ పదకొండు మందికీ సూదులేసింది. అయిపోయాక చూస్తే ట్యాబ్ నలభై తొమ్మిది డిగ్రీల్లో ఉంది. మూడో రెడ్.

నెలాఖరులో అదే కల్యాణ మండపంలో బహుమతుల సభ జరిగింది. ఎర్రమిట్ట అనే ఊరి ట్యాబ్‌కు మొదటి బహుమతి. వందకు వంద. సార్ ఆ అంకెను రెండుసార్లు చదివి వినిపించారు.

"ఆ సోదరి ఎవరో వేదిక మీదికి రావాలి."

ఎవరూ లేవలేదు. సార్ మళ్లీ పిలిచారు. యోగేష్ పరుగున వచ్చి చెవిలో చెప్పాడు. మైకు ఆఫ్ చేయకపోవడంతో మండపమంతా విన్నది.

"సార్, ఎర్రమిట్టలో పోస్టు మూడేళ్లుగా ఖాళీ. ట్యాబ్ డబ్బా సీలు గూడ తియ్యలేదు, సీలుంటే కంప్యూటరే వందకు వంద ఏస్తాది."

ఇప్పుడు సార్ తలెక్కడ పెట్టుకుంటారో చూద్దామని హైమావతి కొంచెం ముందుకు జరిగి కూర్చుంది. పెద్దవాళ్లను అట్లా తక్కువ అంచనా వేయకూడదు. సార్ అర నిమిషం కళ్లు మూసుకుని తెరిచారు.

"చూశారా? మనిషి చెయ్యి తగలకపోతే వ్యవస్థ ఎంత ఆరోగ్యంగా ఉంటుందో. దీన్ని ఎర్రమిట్ట మోడల్ అందాం."

శాలువా డబ్బాకు కప్పారు. ఫొటోలు తీశారు.

మర్నాడు హైమావతిని కమాండ్ సెంటర్‌కు పిలిపించారు. ఎర్రమిట్ట మోడల్ కింద గూడెం పోస్టును ఖాళీగా ఉంచడానికి ఆర్డర్ తయారైంది. రెండేళ్లుగా ఆమె అడుగుతున్న కొత్త బ్యాటరీని ఆమె ఎదుటే ట్యాబ్‌లో వేశారు. మెత్తటి గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి, లక్క కరిగించి సీలు వేశారు. యోగేష్ కంప్యూటర్‌లో సీల్డ్ అని కొట్టగానే గోడ మీద గూడెం పచ్చబడింది.

హైమావతికి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"నా సంగతి పోనీయండి సార్. వచ్చే నెల పదకొండు మంది పిల్లలకు ఇంకో సూది ఉంది. ఎవరేస్తారు?"

"ఏ ఇబ్బంది ఉన్నా వాళ్లను ట్యాబ్‌లో కంప్లైంట్ పెట్టమనమ్మా, ఇరవై నాలుగు గంటల్లో పరిష్కరిస్తాం," అన్నారు సార్ ఎంతో దయగా, ఇంకా ఆరని లక్క చొక్కాకు అంటకుండా డబ్బాను పక్కకు జరుపుతూ.