రాక్షసి తల ఎత్తిన ఆదివారం

ఆదివారం ఉదయం తొమ్మిదింటికి రాక్షసిని చూడాలి. హిందీ మాట్లాడే బాగ్‌బేరా రైల్వే కాలనీలో నీలకంఠం, దాలమ్మ దంపతులు ఆ రోజుకు వేసుకున్న పథకం అంతే.

పెళ్లయిన కొత్తలో పక్కింటివాళ్లు వీడియో క్యాసెట్టు తెచ్చి, జపాను రాక్షసి సీరియల్ మొదటి భాగం వేశారు. చెరువులోంచి కొండంత రాక్షసి తల ఎత్తింది, వంతెన మీది కాపలావాడు కొయ్యబారిపోయాడు. సరిగ్గా అప్పుడే యార్డులో ప్రమాద సైరన్ మోగింది. నీలకంఠం ఉద్యోగం పట్టాలు తప్పిన బండ్లను ఎత్తే క్రేన్ మీద. ఆయన బూట్లు తొడుక్కుని యార్డుకూ, ఆవిడ క్యారేజీ కట్టడానికి వంటింటికీ పరుగెత్తారు. కాపలావాడు బతికాడో లేదో ముప్పై అయిదేళ్లుగా దాలమ్మకు తెలియదు. మొగుడి పక్కన కూర్చుని ఏ బొమ్మా చివరిదాకా చూసిందీ లేదు. ఆ సైరన్‌ను ఆవిడ సవతి అనే పిలిచేది.

ఇన్నాళ్లకు మనవరాలు వెన్నెల ఆ భాగాన్ని వెతికి టీవీలో పెట్టింది.

"ఈసారి మద్దెలో లెగిసెల్లిపోవు కదా, మావా?" అంది దాలమ్మ.

"రిటైరై రెండు నెల్లయింది. ఇంకెక్కడికెల్తానే? మాటిత్తన్నా."

ఆయన చెవి కాస్త మందం కనుక వెన్నెల టీవీ మోత పెంచింది. చెరువు కదిలింది. రాక్షసి తల ఎత్తింది. జపానులో సైరన్ మోగింది. అంతే! నీలకంఠం కాళ్లు బూట్లలోకి దూరాయి. "దాదూ, ఓ తో టీవీ హై!" అని, అది టీవీ మోతేనని వెన్నెల అరుస్తూనే ఉంది. పోనీ దాలమ్మయినా ఆపిందా? ఆవిడ చేతులు అప్పటికే రొట్టెలూ బెండకాయ కూరా క్యారేజీలో సర్ది, గుమ్మం దాటుతున్న ఆయనకు అందించేశాయి.

ఆ క్రేన్ మీద ఇప్పుడు పనిచేసేది పక్కింటి గౌరీశంకర్. పెద్దాయన పరుగు చూసి, సైరన్ తనకే వినపడలేదేమోనని కంగారుపడి, గడ్డానికి సబ్బు నురగతోనే వెంటపడ్డాడు. అతన్ని చూసి ఇంకొకడు. పది నిమిషాల్లో పద్దెనిమిది మంది క్రేన్ దగ్గర రొప్పుతూ నిలబడ్డారు.

"ఎక్కడ కాకా? ఏ బండి పడిపోయింది?" అన్నాడు గౌరీశంకర్.

నీలకంఠానికి అప్పుడు వెలిగింది. "బండేటీ పడిపోలేదురా. రాక్షసి లెగిసింది," అన్నాడు తల దించుకుని. "జపాన్‌లో."

విషయం తెలిసి వాళ్లంతా నవ్వలేక చచ్చారు. క్యారేజీ వాళ్లకే వదిలేసి ఆయన ఇంటిదారి పట్టాడు. దాలమ్మ గుమ్మంలోనే ఉంది.

"ఒలే, మాట తప్పేసినాను," అన్నాడు.

"నీ ఒక్కడిదేనేటి తప్పు? క్యారేజీ కట్టింది ఎవులు? రా, కూకో. పిల్ల ఆపేసింది. రాక్షసి మనకోసం అలాగే నిలబడుంది."

కూర్చున్నారు. రెండు నిమిషాలు గడవలేదు, యార్డులో నిజం సైరన్ మోగింది. ఆయన పాదాలు ఉలిక్కిపడ్డాయి. దాలమ్మ తెర వైపే చూస్తూ కొంగు మెలిపెట్టింది. నీలకంఠం ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"గౌరీశంకర్ ఉన్నాడులే. నా డ్యూటీ ఇక్కడ."

రాక్షసి చెరువులోకి దిగిపోయింది. కాపలావాడు బతికాడు, ఇంటికెళ్లి పెళ్లాం పక్కన కూర్చుని అన్నం తిన్నాడు. "తిన్నాడు మావా, తిన్నాడు," అంటూ దాలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

ఇంతకీ ఆ సైరన్ ఉత్తుత్తి పరీక్ష. ఎవరెంత తొందరగా వస్తారో చూద్దామని చెప్పాపెట్టకుండా వచ్చిన ఆఫీసరుకు, సైరన్ ఆగకముందే పద్దెనిమిది మందీ క్రేన్ పక్కన బెండకాయ కూర తింటూ కనిపించారు. వాళ్లందరికీ మెచ్చుకోలు కాగితాలు వచ్చాయి.

సైరన్ నొక్కినవాడికి మాత్రం, వాళ్లకంటే ఆలస్యం ఎందుకయిందో చెప్పమని మెమో వచ్చింది.