డేగకన్నూ మాయమైన పళ్లనొప్పులూ

"ప్రపంచంలో నేరగాళ్లు రెండే రకాలు బావా! నాకు దొరికిపోయినవాళ్లు, నాకు దొరకబోయేవాళ్లు!" అన్నాడు మా బావమరిది, పళ్లాసుపత్రి గుమ్మంలో ఛాతీ విరుచుకుని.

మొదటి రకం వాడు ఇంతవరకూ ఒక్కడూ లేడు. అయినా తనకు తానే "డేగకన్ను" అని బిరుదిచ్చుకున్నాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని మంచం కింద వెతికే డేగ! ఆ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేది నేను. పొద్దున్నే రమ్మని ఫోనొస్తే, "మా తమ్ముణ్ణి ఇవాళ కూడా తీసుకెళ్లండి, ఇంట్లో ఉంటే నన్ను అనుమానిస్తున్నాడు" అంది మా ఆవిడ. కాదనే ధైర్యం నాకెక్కడిది?

లోపల ఒకటే గోల. వరండా నిండా బుగ్గలు పట్టుకున్న జనం. నిన్న ఫోన్ చేసి టైము తీసుకున్నవాళ్ల పేర్లు తెరమీద ఒక్కటీ లేవు.

"నిన్న రోజంతా ఏం చేశావు?" డాక్టరమ్మ నిప్పులు కక్కుతోంది.

"ఒట్టు డాక్టరమ్మా, అందరివీ నా చేత్తోనే ఎక్కించాను," అంది కౌంటర్ అక్క.

"మరి గాల్లో కలిశాయా? మధ్యాహ్నంలోగా తేలకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "తమ్ముడూ, నువ్వైనా చెప్పవయ్యా," అంది నాతో. నా ప్రాణం ఉసూరుమంది.

"ఇది అంతర్జాతీయ దంతముఠా పని!" అన్నాడు డేగకన్ను.

"పళ్లనొప్పులు ఎత్తుకెళ్లి వాళ్లేం చేసుకుంటార్రా?"

"అదే బావా ఇందులోని భయంకర రహస్యం!"

వాణ్ణి వదిలేసి అక్కకి ధైర్యం చెప్పాను. ఆసుపత్రి వివరాలన్నీ ఉండేది ఒక వర్చువల్ మిషన్‌లో, అంటే పెద్ద కంప్యూటరు కడుపులో నడిచే ఇంకో కంప్యూటరు. రోజూ రాత్రి దాని నకలు, నెట్‌వర్క్ మీదుగా వెనకగదిలోని స్టోరేజీ పెట్టెలోకి చేరుతుంది. ఏది పోయినా ఆ నకలును లేపి, అంటే మళ్లీ నడిపించి, తెచ్చుకోవచ్చు.

"కంగారుపడకక్కా, నిన్న రాత్రి నకలు లేపుతాను," అని వెనకగదికి బయల్దేరాను.

"ఆగు! నేరస్థలంలో కాలుపెట్టావో, నువ్వూ అనుమానితుడివే!" అని డేగకన్ను తలుపుకి అడ్డం నిలబడ్డాడు. ఈలోగా ఒక వాచిన బుగ్గాయన నీళ్లకోసం అటొచ్చాడు. "నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?" అని ఆయన్ని నిలదీశాడు డేగకన్ను.

"మ్మ్... మ్మ్మ్..."

"మౌనం అర్ధాంగీకారం! మిగతా సగం నేను ఒప్పిస్తా!"

డాక్టరమ్మ పళ్ల అచ్చులు తీసే పిండి డబ్బా ఎత్తుకొచ్చి, వేలిముద్రల కోసమంటూ వెనకగదంతా చల్లాడు. ఆ పిండి వాడి ముక్కులోకే పోయింది. గోడలదిరేలా తుమ్మి, పిండిమీద జారి, బల్లమీదున్న కేబులొకటి పట్టుకుని దబ్బున పడ్డాడు. కేబుల్ ఊడి చేతికొచ్చింది.

"వచ్చేశాయ్! నిన్నటివన్నీ వచ్చేశాయ్!" బయట అక్క కేక. వెంటనే ఇంకో కేక. "అయ్యో, పొద్దున ఎక్కించినవి పోయాయి!"

కేబుల్ మళ్లీ గుచ్చాను. "పొద్దుటివి వచ్చాయి, నిన్నటివి పోయాయి!" పీకాను. అటుదిటు అయింది. అప్పుడు వెలిగింది నా బుర్ర.

అది నా పరీక్షల మిషన్ కేబుల్. తీసిన నకళ్లు పనికొస్తాయో లేదోనని అప్పుడప్పుడూ ఒకదాన్ని దానిమీద లేపి చూస్తుంటాను. అసలుకీ నకలుకీ నెట్‌వర్క్‌లో చిరునామా ఒకటే కాబట్టి, తెరమీద నెట్‌వర్క్ తెంచే లేపాలి, లేదంటే కౌంటర్ నకలునే అసలనుకుంటుంది. నిన్న సాయంత్రం అలాగే లేపి, తెల్లారేదాకా నడవనిద్దామని వదిలేశాను. అది మొన్న రాత్రి నకలు, దానికి నిన్నటి సంగతులేం తెలుసు? కౌంటర్ పొద్దుట్నుంచీ దాంతోనే మాట్లాడుతోంది!

"మరి దానికి నెట్‌వర్క్ కలిపిందెవరు?" అన్నాను.

డాక్టరమ్మా, అక్కా గుమ్మంలోకి వచ్చేసరికి డేగకన్ను ఒళ్లంతా తెల్లగా లేచాడు.

"ఆ నీచుణ్ణి ఇప్పుడే పట్టిస్తా! వాడు నిన్న సాయంత్రం ఈ గదిలోకొచ్చాడు. మా బావ చేతులు కడుక్కోడానికి వెళ్లగానే ఈ కుర్చీలో కూర్చున్నాడు. తెరమీద ఎర్రగుర్తు కనిపించింది. పాపం, బావ మర్చిపోయాడనుకుని... నొక్కి... పచ్చగా..."

నావైపు తిరిగాడు. "నేనేనా బావా?"

"నువ్వేరా!"

"ఎంత పకడ్బందీగా చేశాను! నాకే దొరకలేదు!"

డాక్టరమ్మ వాడివైపు చూడనైనా లేదు. అక్క చేయి పట్టుకుంది. "తప్పు నాదే తల్లీ. నిన్ను అనరాని మాట అన్నాను."

"ఆ మాట వరండాలో అందరి ముందూ అన్నారు డాక్టరమ్మా," అంది అక్క మెల్లగా.

డాక్టరమ్మ గబగబా వరండాలోకి నడిచి, అక్కడి జనమంతా వినేలా అదే మాట మళ్లీ చెప్పింది. వాచిన బుగ్గలన్నీ ఒక్కసారిగా "మ్మ్మ్" అన్నాయి.

అక్క కళ్లు తుడుచుకుంది. చీపురు తెచ్చి డేగకన్ను చేతిలో పెట్టి, కౌంటర్‌లో కూర్చుని మొదటి పేరు గట్టిగా పిలిచింది.