జీలకర్ర వాసన వేసిన సాంపిల్

ఆ రోజు రవళి అనుకున్నది చిన్న పనే. పదింటికల్లా ల్యాబు తుడిచేసి, కింద పిల్లల గదిలో ఉన్న రెండేళ్ల తనుశ్రీకి ఇంత పెరుగన్నం పెట్టి రావాలి. జిన్నారం దగ్గరి ఆ కంపెనీలో చేరి ఇరవై రోజులైంది. ఇంకో పది రోజులు ఏ తప్పూ చేయకపోతే పని పర్మనెంటు. పని పోతే పిల్లల గదీ పోతుంది. బిడ్డను చూసుకోవడానికి ఇంట్లో మరో మనిషి లేదు. అందుకే తుడిచిన బల్లనే మళ్లీ తుడుస్తుంది.

కిటికీ పక్కన గాజు పళ్లెంలో వేలెడు పొడుగు పట్టీ ఒకటి ఉంది. సగ్గుబియ్యం వడియంలా తెల్లగా, పలచగా. పక్కనే ఇంగ్లీషు చీటీ. రవళి ఏడో తరగతిలోనే బడి మానేసింది. చీటీలో ఆమెకు తెలిసిన మాట ఒక్కటే, 'వాష్'. చేతులు కడిగే సబ్బు సీసా మీద రోజూ చూసేదే. ముందున్న రెండు చిన్న మాటలు మర్యాదకు రాశారనుకుంది.

పట్టీని బోరు నల్లా కింద శుభ్రంగా కడిగింది. అరచేతిలో పెట్టి తుడుస్తుంటే అది మెల్లగా ముడుచుకుంది. భయపడి ఇంకాస్త రుద్దింది. గొంగళిపురుగులా చుట్ట చుట్టుకుంది.

"సంగయ్య కాకా, జెర జల్దీ రా!"

వాచ్‌మన్ సంగయ్య వచ్చి వంగి చూశాడు. "ఏంది బిడ్డా, పురుగా?"

"సాంపిల్ కాకా! అంకిత మేడం మూడు నెలల సంది దీని ఎన్కనే పడ్డది. ఇయ్యాల ఢిల్లీ సార్లకు సూపెట్టాలె. గిట్లెందుకైందో సమజైతలేదు."

"ముడతలే గదా. ఇస్త్రీ జేస్తె సక్కగైతది."

ఇస్త్రీపెట్టె లేదు కాబట్టి పొగలు కక్కే చాయ్ గ్లాసు పెట్టి నొక్కారు. గ్లాసు ఎత్తేసరికి పట్టీ బఠానీ గింజంత ఉండైంది.

"ఇగ అయిపాయె," అన్నాడు సంగయ్య. రవళి కళ్లనీళ్లు చూసి గొంతు తగ్గించాడు. "ఏడువకు. మా బిడ్డకు పంపుమని మా ఇంటామె ముత్యమ్మ సగ్గుబియ్యం వడియాలిచ్చింది. నూనెల ఎయ్యనివి."

"వడియమా?"

"నువ్వే సూడు. ఒక్క తీరుగ లేవూ?"

ఉన్నాయి. ఒకటి కత్తెరతో కోసి పళ్లెంలో పెట్టారు. అసలుదాన్ని రవళి కొంగు చివర ముడి వేసుకుంది.

పదకొండింటికి మేనేజరు శివరామకృష్ణ ఇద్దరు ఢిల్లీ అధికారులను వెంటబెట్టుకొచ్చాడు. అంకిత గొంతు సవరించుకుంది.

"చిన్న ప్రోటీన్ ముక్కల్ని పాలిమర్‌తో కలిపి చేశాం సర్. వెచ్చగా తగిలితే ముడుచుకోవాలి. చల్లబడితే మళ్లీ తెరుచుకోవాలి. ఇప్పటివరకైతే... కదల్లేదు."

ముడుచుకోవాలా? ముడుచుకుంటేనే కదా తప్పు! రవళి చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అంకిత పళ్లెంలోని పట్టీని గోరువెచ్చని నీళ్లలో వేసింది. అది ముడుచుకోలేదు. ఉబ్బింది. మెత్తబడింది. గదంతా జీలకర్ర వాసన.

శివరామకృష్ణ ముక్కు ఎగబీల్చాడు. "అంకితా, ఇందులో జీలకర్ర ఎందుకు?"

"ప్రోటీన్ కదా సర్... ఒక్కోసారి..." అంకిత నసిగింది. ఢిల్లీ అధికారి ఒకరు తన పుస్తకంలో 'జీరా' అని రాసుకున్నాడు.

రవళి ఇక ఆగలేకపోయింది. "మేడం, అది వడియం! అసలుది నేనే కడిగి కరాబు జేసిన. ముడుసుకపోయింది. నన్ను పనిల నుంచి తీయకుండ్రి, నా బిడ్డను ఏడ పెట్టాలె?"

"ముడుచుకుందా?" అంది అంకిత.

రవళి కొంగు ముడి విప్పింది. ఏసీ చల్లదనానికి ఉండ విచ్చుకుని, పట్టీ మళ్లీ పుల్లలా తిన్నగా ఉంది.

"బాగానే ఉంది కదమ్మా," అన్నాడు శివరామకృష్ణ.

"ఒట్టు సార్! ముడుసుకున్నది!" అబద్ధాలకోరు అనిపించుకోవడం మరీ కష్టమనిపించి, ఆమె దాన్ని అరచేతిలో పెట్టి చూపింది. చేతి వేడికి పట్టీ మెల్లగా చుట్టుకుంది.

"ఏ నీళ్లతో కడిగావు?" అని అడిగింది అంకిత.

"ఎనక బోరు నల్ల."

"ఆ నీళ్లు మొక్కలకు కూడా పోయం!" అన్నాడు శివరామకృష్ణ.

"అందుకే నేనూ మూడు నెలలు శుద్ధిచేసిన నీళ్లే వాడాను సర్. దీనికి కావలసిన ఉప్పులన్నీ బోరులో ఉన్నట్టున్నాయి." అంకిత కుర్చీలో కూలబడింది.

ఆ సాయంత్రమే రవళి పని పర్మనెంటయింది. ఇప్పుడు రోజూ పదింటికి నలుగురు చదువుకున్నవాళ్లు రాసుకుంటూ ఉండగా, ఆమె ఆ తప్పును అదే వరుసలో మళ్లీ చేస్తుంది. ఏ రోజైనా పొరపాటున సరిగ్గా చేస్తే మాత్రం మెమో ఇస్తామన్నారు.